యుద్ధ సమయంలో బడి తాళం ఎవరి దగ్గర ఉండాలి?

2025 మే 7న కేంద్ర ప్రభుత్వ ఆదేశం మేరకు దేశమంతటా పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిగింది. హైదరాబాదులోను, విశాఖపట్నంలోను సైరన్లు మోగాయి. సైరన్ ఢిల్లీ ఆదేశంతో మోగుతుంది, సరే. ఆ తరువాత ఇల్లు కూలినవారికి బడి తలుపు తెరిచేది, అన్నం పెట్టేది ఎవరు? 1940లో లండన్ నగరం ఈ ప్రశ్నకు జవాబు ప్రాణాలు పోగొట్టుకొని నేర్చుకొన్నది.

బ్రిటన్ ప్రభుత్వం ముందుగా సిద్ధపడలేదని మేము అనము. యుద్ధం వస్తే మొదటి 60 రోజులలోనే బాంబుల వలన 6,00,000 మంది చనిపోతారని లెక్క కట్టి, ఆసుపత్రి పడకలు సిద్ధం చేసింది. చివరికి యుద్ధమంతటిలో అలా మరణించిన పౌరులు సుమారు 60,000 మంది. లెక్కకు అందనిది బ్రతికి ఉండి గూడు పోయినవారు. సెప్టెంబరు 7న దాడులు మొదలైన తరువాత ఆరు వారాలలో లండన్ ప్రాంతంలో సుమారు 2,50,000 మంది నిరాశ్రయులయ్యారు.

వారి బాధ్యత స్థానిక సంస్థల మీద పడింది. బడులలో, చర్చి హాళ్లలో విశ్రాంతి కేంద్రాలు తెరిచారు. జనం కొన్ని గంటలుండి వెళ్లిపోతారన్నది పైవారి అంచనా కనుక అక్కడ దొరికినది రొట్టె, మార్గరిన్, టీ. కొన్నిచోట్ల మరుగుదొడ్డికి బదులు బకెట్లే. సౌకర్యాలు పెంచితే జనం అక్కడే ఉండిపోతారన్న భయం ఒకటి! పొరుగు బరో నుండి వచ్చినవారికి పెట్టిన ఖర్చు ఎవరిదన్న తగవు మరొకటి. రేషన్ కార్డుకు ఒక ఆఫీసు, నష్టపరిహారానికి ఇంకో ఆఫీసు. పిల్లలను వెంటబెట్టుకొని తల్లులు ఊరంతా తిరిగారు.

తూర్పు లండన్‌లోని కానింగ్ టౌన్‌లో సౌత్ హాల్స్‌విల్ పాఠశాలలో కొన్ని వందల మంది బస్సుల కోసం ఎదురుచూశారు. వస్తాయన్న బస్సులు రాలేదు. సెప్టెంబరు 10 తెల్లవారుజామున ఆ బడి మీద బాంబు పడింది. అధికారికంగా మృతులు 77 మంది. ఆ వాడలోని వారు అంతకంటే ఎన్నోరెట్లు ఎక్కువని నేటికీ చెబుతారు.

ఆ నెలాఖరున కేంద్రం హెన్రీ విల్లింక్ అనే పార్లమెంటు సభ్యుణ్ణి నిరాశ్రయుల కొరకు ప్రత్యేక కమిషనర్‌గా నియమించింది. విశ్రాంతి కేంద్రాల ఖర్చు తానే భరించడానికి ఒప్పుకొన్నది. పని మాత్రం స్థానిక సంస్థల చేతిలోనే ఉండనిచ్చింది. క్రమంగా వేడి భోజనం, పరుపులు వచ్చాయి, కాగితాల పనులు ఒకేచోట జరగసాగాయి. పని చేసే మనుషులు వారే. మారినది డబ్బు, జవాబు చెప్పవలసిన ఒక వ్యక్తి.

అయితే అన్నీ స్థానికులకే వదలాలని కూడా అనలేము. బ్రిటన్‌లో అప్పుడు సుమారు 1,600 అగ్నిమాపక దళాలు ఉండేవి, ఎవరి పరికరాలు వారివే. సహాయానికి పరుగెత్తి వచ్చిన పక్క ఊరి దళం గొట్టం ఇక్కడి హైడ్రంట్‌కు పట్టని సందర్భాలున్నాయి. 1941 ఆగస్టులో వాటన్నిటినీ ఒకే జాతీయ దళంగా కలిపారు. యుద్ధం ముగిశాక, 1948లో, తిరిగి స్థానిక సంస్థలకు అప్పగించారు. అధికారం తీసుకొన్నవారు తిరిగి ఇచ్చివేయడం చరిత్రలో తరచుగా కనిపించేది కాదు.

నెహెమ్యా గ్రంథం చదివినవారికి ఈ అమరిక క్రొత్తది కాదు. మ్రానుల కొరకు ఆసాపునకు తాకీదు ఇచ్చినది రాజు. గోడ కట్టినవారిలో అనేకులు తమ తమ ఇండ్లకు ఎదురుగా ఉన్న భాగమే కట్టారు. తాకీదు లేకుంటే మ్రానులు లేవు. ఆ ఇంటివారు లేకుంటే గోడ లేదు.

మన మందిరాలకు హాళ్లున్నాయి, వంటపాత్రలున్నాయి, చేతులున్నాయి. సంఘ కమిటీవారు ఒకసారి తహసీల్దారు కార్యాలయంలోనో, మున్సిపల్ కార్యాలయంలోనో అడిగి రావచ్చు: ఆపద వస్తే మా హాలు మీ జాబితాలో ఉందా? రాత్రివేళ తాళం ఎవరి దగ్గర ఉండాలి? మూడవ రోజు బియ్యం ఎవరు పంపుతారు?