నెలసరి తప్పుతూ ఉంటే – దంపతులకు కొన్ని మాటలు



ఒక ఇల్లాలికి రెండు మూడు నెలలకొకసారి ముట్టు వస్తూ ఉంటే మన పల్లెల్లో "వేడి చేసిందిలే" అంటారు. "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అంటారు. పెళ్ళయి రెండేళ్ళయినా కడుపు పండకపోతే మాత్రం మాట మారిపోతుంది. తప్పంతా కోడలి మీదికి తోసేస్తారు.

ఇది ఆమె తప్పు కాదు. దిష్టి కాదు, శాపమూ కాదు. ఇదొక రుగ్మత. డాక్టర్లు దీనిని పి.సి.ఓ.ఎస్. అంటారు, పి.సి.ఓ.డి. అని కూడా వినే ఉంటారు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న నూరుమంది స్త్రీలలో సుమారు పదిమందికి ఇది ఉంటుంది. అందులో చాలామందికి తమకు ఉన్నదన్న సంగతే తెలియదు.

లోపల జరిగేదేమిటి?

గర్భకోశానికి ఇరుపక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. మామూలుగా నెలకొక అండం పక్వమై విడుదల అవుతుంది. ఈ రుగ్మత ఉన్న చాలామందిలో, రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుకని శరీరం దానిని మరింత తయారు చేస్తుంది. అలా ఎక్కువైన ఇన్సులిన్ వల్ల మగ హార్మోన్లు పెరుగుతాయి. అండం సగం ఎదిగి ఆగిపోతుంది. స్కానింగులో "నీటి బుడగలు" అని చెప్పేవి ఇలా ఆగిపోయిన అండాల తిత్తులే. అవి గడ్డలు కావు. వాటిని చూసి బెంబేలు పడనక్కరలేదు.

ఈ గుర్తులు ఉన్నాయా?

1. ముట్టుకూ ముట్టుకూ నడుమ 35 రోజులు దాటడం, లేక ఏడాదికి ఎనిమిది సార్లకంటె తక్కువ రావడం.
2. గడ్డం మీద, పై పెదవి మీద, పొట్ట మీద ముతక వెంట్రుకలు, తగ్గని మొటిమలు, నడినెత్తిన జుట్టు పలచబడటం.
3. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లబడి మందంగా అవడం.
4. నడుము చుట్టూ ఒళ్ళు రావడం. అయితే సన్నగా ఉన్నవారికీ ఈ రుగ్మత ఉండవచ్చు.

ఇందులో ఏది ఉన్నా నర్సమ్మకు చెప్పండి. సిగ్గు పడవద్దు.

"ముట్టు రాకపోతే హాయేగా?"

కాదమ్మా. నెలల తరబడి ముట్టు రాకపోతే గర్భకోశం లోపలి పొర దళసరి అవుతుంది. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే అక్కడ కాన్సరు వచ్చే అవకాశం పెరుగుతుంది. మూడు నెలలు దాటినా ముట్టు రాకపోతే ముందు గర్భమేమో చూపించుకోండి. కాకపోతే డాక్టరుగారు మందు ఇస్తారు. చక్కెర జబ్బు, రక్తపోటు కూడా వీరికి త్వరగా రావచ్చు. అందుచేత వాటికి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

ఇంటి దగ్గర చేయదగినవి

ఈ రుగ్మతకు మొదటి మందు తిండి, నడక, నిద్ర. ఇవి రుగ్మతను పూర్తిగా పోగొట్టవు గాని అదుపులో ఉంచుతాయి.

తిండి: కంచం నిండా అన్నం, మూలన కాస్త కూర – ఈ అలవాటు మార్చండి. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, కాయగూర పెంచండి. గుడ్డు, చేప, పెసలు, ఉలవలు మంచివి. ఒక పూట జొన్నరొట్టె గాని కొర్రన్నం గాని తినండి. టీలో చక్కెర తగ్గించండి. చక్కెరకు బదులు బెల్లం వేసుకున్నా తేడా లేదు. పస్తులుండి సన్నబడాలని చూడవద్దు.

శ్రమ: కలుపు తీసేవారికి, నాట్లు వేసేవారికి ఒళ్ళు వంగుతూనే ఉంటుంది. బీడీలు చుట్టేవారు, కుట్టు మిషను ముందు కూర్చునేవారు, పనులు లేని రోజుల్లో ఇంటి పట్టున ఉండేవారు రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులైనా చురుకుగా నడవాలి.

బరువు: బరువు ఎక్కువగా ఉంటే నూటికి అయిదు వంతులు తగ్గినా మేలు కనిపిస్తుంది. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే చాలు, చాలామందికి ముట్టు దారిలో పడుతుంది.

మనసు: దిగులు, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఈ రుగ్మతలో ఎక్కువ. వీటిని కూడా డాక్టరుగారికి చెప్పండి.

భర్తకు ఒక మాట

అయ్యా, ఇంట్లో అందరికీ ఒకే వంట ఉంటేనే ఆమె తిండి మారుతుంది. సాయంత్రం పూట ఆమెతో కలిసి నడవండి. పిల్లలు కలగకపోతే ఆమెతోపాటు మీరూ వీర్యపరీక్ష చేయించుకోండి. లోపం మగవారిలోనూ ఉండవచ్చు. అండం విడుదల కావడానికి మంచి మందులున్నాయి. ఈ రుగ్మత ఉన్నవారిలో చాలామంది తల్లులవుతున్నారు. "గొడ్రాలు" అన్న మాట ఎవరన్నా మీరే అడ్డుపడండి. గర్భం వస్తే మాత్రం తొలి నెలల్లోనే పేరు రాయించి చక్కెర పరీక్ష చేయించండి.

పిల్లలు వద్దనుకుంటే

"ముట్టే సరిగా రాదు, కడుపెలా వస్తుంది?" అని ధీమాగా ఉండవద్దు. అండం ఏ నెలలో విడుదలవుతుందో ఎవరికీ తెలియదు. రోజులు లెక్కపెట్టుకునే పద్ధతి వీరికి పనికిరాదు. రోజూ వేసుకునే మాలా-ఎన్ వంటి మాత్రలు గర్భాన్ని ఆపుతాయి, ముట్టునూ క్రమంలో ఉంచుతాయి. అయితే రక్తపోటు ఉన్నవారు, చంటిబిడ్డకు పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా వేసుకోరాదు. వారానికి ఒకటి వేసుకునే ఛాయ మాత్ర ఈ రుగ్మత ఉన్నవారికి తగదు. అందుచేత మాత్రలు తీసుకునేటప్పుడే మీ సంగతి నర్సమ్మకు చెప్పండి. నిరోధ్, కాపర్-టి కూడా ఉన్నాయి.

ఈ వారమే ఒక పని చేయండి. కిందటి ఆరు నెలల్లో ముట్టు వచ్చిన తేదీలు గుర్తున్నంతవరకు కాలెండరు మీద గుర్తు పెట్టండి. ఆ కాలెండరు పట్టుకుని ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి రండి.