గాజు పలకల మీద సికింద్రాబాదు

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషాను తలచుకోగానే మన కళ్లముందు మెదిలే రూపం చాలామటుకు ఒకే స్టూడియో నుంచి వచ్చింది. ఫలక్‌నుమా మహలు కొత్తలో ఎలా ఉండేదో, దర్బారు రోజున అమీర్లు ఏ వరసలో నిలబడేవారో, కంటోన్మెంటు దొరలు పోలో ఆడి వచ్చి ఎలా కూర్చునేవారో మనకు తెలుస్తున్నదీ ఆ స్టూడియో పుణ్యమే. అది సికింద్రాబాదులో ఉండేది. దాని యజమాని రాజా దీన్ దయాళ్. కుంచె పట్టని చిత్రకారుడాయన. ఈ నేల మీద ఇంతమంది రూపాలను ఇంత శ్రద్ధగా నిలిపి పోయినవారు మరొకరు నాకు కనబడరు.

ఆయన తెలుగువారు కారు, దక్కనువారూ కారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదువుకొని, 1866లో ఇందోరు వెళ్లి పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా, ఎస్టిమేటరుగా చేరారు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టారు. మహారాజు రెండో తుకోజీరావు హోల్కరు, బ్రిటిష్ ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఇద్దరూ ఆయన్ను ప్రోత్సహించారు. తరవాత బ్రిటిష్ అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట గ్వాలియరు, ఖజురహో, సాంచీ తిరిగి తీసిన కట్టడాల ఫోటోలు 1886లో పుస్తకంగా వచ్చాయి. ఆ డ్రాయింగు బల్ల దగ్గరి అలవాటు ఆయన్ను చివరిదాకా వదల్లేదు. ఆయన తీసిన బొమ్మలో స్తంభం నిట్టనిలువుగా నిలబడుతుంది. గుంపులో ముప్ఫై మంది ఉన్నా ఏ ముఖమూ మరో ముఖం వెనక దాక్కోదు. మనుషులను కూడా ఆయన ఒక కట్టడాన్ని కట్టినట్టే కట్టారనిపిస్తుంది.

1880ల చివరలో ఆయన సికింద్రాబాదు చేరారు. అప్పటికే వైస్రాయి దగ్గర ఫోటోగ్రాఫరుగా పేరుంది. ఆ పేరుతో కలకత్తాకో బొంబాయికో వెళ్లవచ్చు. బొంబాయిలోనూ 1896లో పెద్ద స్టూడియో తెరిచారు గానీ, అంతకన్నా ముందు ఇక్కడికే వచ్చారు. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలసిన ఈ ఊరు ఫోటోగ్రాఫరుకు కొంగుబంగారం లాంటిది. హుస్సేన్ సాగర్‌కు ఇవతల కంటోన్మెంటు. రెండు మూడేళ్లకోసారి బదిలీ అయ్యే దొరలు, ఇంగ్లండుకు పంపుకోవడానికి ఫోటో కావలసిన సిపాయిలు. అవతల నిజాం దర్బారు, పాయిగా వంశపు అమీర్లు, జాగీర్దారులు, వాళ్ల పెళ్లిళ్లు, వేటలు, విందులు. రెండు లోకాలవారూ ఒకే స్టూడియో మెట్లెక్కారు. 1894లో నిజాం ఆయన్ను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా నియమించి ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చారు. 1897లో విక్టోరియా మహారాణి నుంచి నియామక పత్రం వచ్చింది.

బిరుదుల సంగతి అలా ఉంచి, పని ఎలా జరిగేదో చూడాలి. అంతకు ముందు తరం ఫోటోగ్రాఫర్లు గాజు పలక మీద మందు అప్పటికప్పుడు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడగాల్సి వచ్చేది. 1880లకల్లా మందు పూసి ఆరబెట్టిన పలకలు పెట్టెల్లో అమ్మకానికి వచ్చాయి. దాంతో స్టూడియో దాటి బయట తిరగడం సులువైంది. అయినా ఆ పలకలు చిన్నవి కావు. ఎన్‌లార్జి చేసే అలవాటు అప్పట్లో పెద్దగా లేదు. ఫోటో ఎంత కావాలంటే పలక అంత ఉండాలి. పది పన్నెండు అంగుళాల గాజు పలకలు పెట్టెల్లో సర్దుకొని, కూలీల నెత్తిన పెట్టించి, ఒక్కటీ పగలకుండా అడవికీ అంతఃపురానికీ చేర్చడమంటే మాటలా!

స్టూడియోలో వెలుతురు ఉత్తరం వైపు అద్దాల్లోంచి రావాలి, నేరుగా ఎండ పడకూడదు. కూర్చున్న మనిషి మెడ వెనక ఒక ఇనప స్టాండు, తల కదలకుండా ఉండటానికి. అది కెమెరాకు కనబడకూడదు. ఆ కాలపు ఫోటోల్లో పెద్దమనుషులు అంత బిగుసుకొని ఉండటానికి గర్వం సగమే కారణం, మిగతా సగం ఆ ఇనప చెయ్యి. పలక కడిగాక రీటచింగు. నెగటివు మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో చుక్కచుక్కగా దిద్దేవారు. మశూచి మచ్చ పోవాలి, ముఖం మాత్రం మారకూడదు. ఆ గీత ఎక్కడ గీయాలో తెలిసినవాడికే ఆ పని. తరవాత కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని వెండి ద్రావణం మీద తేల్చి, ఆరబెట్టి, నెగటివుకు ఆనించి చెక్క ఫ్రేములో బిగించి ఎండలో పెట్టేవారు. అచ్చు ఎంత తేలిందో ఫ్రేము వెనక తలుపు ఒక సగం తీసి చూసుకునేవారు. ఆ తరవాత బంగారు లవణం కలిపిన నీళ్లలో నానబెడితే ఆ వెచ్చని ఊదారంగు నిలిచేది. అప్పటి పెద్ద స్టూడియోల్లో ఫోటో మీద రంగులు దిద్దే చిత్రకారులు కూడా ఉండేవారు. కుంచెకూ కెమెరాకూ మధ్య మనం ఇప్పుడు కడుతున్న గోడ ఆనాడు లేదు.

1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో స్త్రీల కోసం జెనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు పరాయి మగవాడి కెమెరా ముందుకు రారు. అందుకని ఆ స్టూడియోను మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. తన వృత్తిలో అందరికన్నా పైన ఉన్న మనిషి తాను అడుగు పెట్టలేని గదిని తన పేరు మీదే కట్టించి, కెమెరాను మరొకరి చేతికి ఇచ్చారు. ఇందులో వ్యాపారం లేదని నేను అనను. కానీ అమ్మమ్మ రూపం ఎలా ఉండేదో మనవరాలు చూసుకునే అవకాశం ఆ గది వల్లే చాలా ఇళ్లకు దక్కింది. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

ఇక వేట ఫోటోలు. వైస్రాయి లార్డ్ కర్జన్ 1902లో ఓరుగల్లు వైపు నెక్కొండ అడవుల్లో వేటాడి, చచ్చిన పులి పక్కన భార్యతో నిలబడ్డ ఫోటో దేశదేశాలు తిరిగింది. పులిని చూస్తాం, దొరను చూస్తాం. నన్నడిగితే ఇలాంటి వేటల, శిబిరాల ఫోటోల్లో చూడవలసింది అంచులు. గుర్రం కళ్లెం పట్టుకున్నవాడు, పల్లకి మోసి పక్కకు తప్పుకున్నవాడు, తలపాగా సరిచేసుకునే లోపే షట్టరు పడినవాడు. నడిమధ్యన ఉన్నవారి పేర్లు కింద వరసగా ఉంటాయి. వీళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. తెలంగాణ అడవుల్లో తీసిన ఫోటో అయితే వీళ్లలో ఎక్కువమంది మన భాష మాట్లాడినవాళ్లే అయి ఉంటారు. 1899–1900 కరువులో ఔరంగాబాదు వైపు నిజాం సర్కారు చేపట్టిన సహాయాన్ని కూడా ఈ స్టూడియోయే ఫోటోలు తీసింది. సర్కారు దయను చూపించడానికి తీయించిన ఫోటోలే అవి. అయినా ఆ ఎముకల గూళ్లను చూశాక దయ మాట గుర్తుకు రాదు. రాజుకు వాడిన పలకే, రాజుకు పట్టిన వెలుతురే, అదే శ్రద్ధ. దీన్ దయాళ్ ఎవరినీ చులకనగా తీయలేదు. అంచున ఉన్నవాడి ముఖం కూడా గోరంత మసక లేకుండా ఉంటుంది.

కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరూ తండ్రి పనిలోకే వచ్చారు. ధరమ్ చంద్ 1904లో పోయారు. మరుసటి ఏడు, 1905 జూలైలో, దీన్ దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. మిగిలిన గాజు నెగటివుల్లో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో తీసుకుంది. 2006లో తపాలా శాఖ ఆయన స్టాంపు వేసింది. 2013లో టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం ఆయన ఫోటోలతో పెద్ద ప్రదర్శన పెట్టింది, దీపాలి దేవన్, డెబొరా హట్టన్ కలిసి ఆయన మీద పుస్తకం రాశారు.

ఇది చదివేవారికి ఒక మాట. మీ తాతల ఇంటి ట్రంకు పెట్టెలోనో, అత్తయ్యగారి బీరువాలోనో గట్టి అట్టకు అంటించిన పాత ఫోటో ఉంటే అట్ట కింది అంచు చూడండి. బంగారు అక్షరాల్లో స్టూడియో పేరు, ఊరి పేరు ఉండవచ్చు. దీన్ దయాళ్ పేరే కానక్కరలేదు. ఫోటోను అట్ట నుంచి ఊడదీయకండి. తడి గుడ్డతో తుడవకండి. లామినేషను అసలే వద్దు. రెండు వైపులా స్కాన్ చేసి, ఎండ తగలని చోట ఆమ్లం లేని కాగితంలో పెట్టండి. అందులో ఉన్నవారిని గుర్తుపట్టగలిగే పెద్దవాళ్లు ఇంకా ఉంటే ఈ ఆదివారమే ఫోన్ చేయండి. వాళ్లు చెప్పిన పేర్లను అట్ట వెనక మెత్తటి పెన్సిలుతో ఎడమ నుంచి కుడికి రాయండి. నడుమ కూర్చున్నవారివే కాదు, చివర నిలబడ్డవారివి కూడా.