పికప్ బండిని నాలుగు చక్రముల నడకకు మార్చవచ్చునా?



నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలబడినది. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలో వరి విస్తరించినది. దాని వెంట మిర్యాలగూడ బియ్యపు మిల్లులును పెరిగినవి. నేడు వడ్లు యంత్రముతో కోసిన పూటనే బండికెక్కి మిల్లుకో, కొనుగోలు కేంద్రమునకో పోవుచున్నవి. ఈ పనికి ట్రాక్టరు ట్రాలీతోపాటు పికప్ బండ్లను కూడ మీలో అనేకులు వాడుచున్నారు.

అయితే కోతల వేళ వాన పడినచో, ఈ బండి రేగడి మడిలోనో, మెత్తని బాటలోనో దిగబడును. అప్పుడు చాలమందికి కలుగు ఆలోచన ఒకటి కలదు: "వెనుక చక్రములే తిరుగు ఈ బండికి ముందు చక్రములు కూడ తిరుగునట్లు చేయించిన బాగుండును గదా!" ఈ ఆలోచన ఎంతవరకు సాధ్యమో, ఎంతవరకు లాభమో ఈ వ్యాసములో వివరించుచున్నాము.

బండి ఎందుకు దిగబడును?

బండి కదలవలెనన్నచో రెండు సంగతులు చూడవలెను. ఒకటి, ఇంజను త్రిప్పు చక్రములకు నేలపై దొరకు పట్టు. రెండు, బురద బండిని వెనుకకు ఆపు శక్తి. పట్టు ఎక్కువైన బండి సాగును; ఆపు శక్తి ఎక్కువైన చక్రము ఉన్నచోటనే తిరిగి గుంట త్రవ్వును.

ఒక లెక్క చూడుడు. బండి బరువు 1,700 కిలోలు, వడ్ల బరువు 1,500 కిలోలు, మొత్తము 3,200 కిలోలు అనుకొందము. ఇందులో సుమారు 2,100 కిలోలు వెనుక ఇరుసుపైనను, 1,100 కిలోలు ముందు ఇరుసుపైనను పడును. తడి బురదలో పట్టు, చక్రముపై పడు బరువులో పదింట మూడు వంతులు అనుకొన్నచో, వెనుక చక్రములకు 630 కిలోల తోపుడు దొరకును. బురద ఆపు శక్తి మొత్తము బరువులో పదింట రెండు వంతులైనచో 640 కిలోలు. బండి ఆగిపోవును. నాలుగు చక్రములును తిరిగినచో తోపుడు 960 కిలోలగును, బండి బయటపడును.

ఇంతవరకు మేలే. కాని బురద ఇంకను లోతై, ఆపు శక్తి పదింట మూడు వంతులకు చేరినచో అదియు 960 కిలోలే. అప్పుడు నాలుగు చక్రములు తిరిగినను ఫలము లేదు. అదే మడి ఆరి గట్టిపడినదనుకొనుడు. పట్టు సగమునకు పెరిగి 1,050 కిలోలగును. ఆపు శక్తి పదింట ఒక వంతునకు తగ్గి 320 కిలోలగును. రెండు చక్రముల బండియే సులభముగా నడచును. బండిని మార్చుటకంటె మడిని ఆరబెట్టుట ఎక్కువ మేలని ఈ లెక్క తెలుపుచున్నది.

మార్పునకు ఏమేమి కావలెను?

ముందు చక్రములను త్రిప్పుట ఒక్క షాఫ్టు తగిలించినంత మాత్రమున జరుగు పని కాదు. ఈ క్రింది భాగములన్నియు అవసరము.

1. ట్రాన్స్‌ఫర్ కేసు: గేర్ బాక్సు నుండి వచ్చు శక్తిని ముందునకు, వెనుకకు పంచు పెట్టె. దీనిని బిగించుటకు ఛాసిస్‌పై చోటు, బలమైన ఆధారము ఉండవలెను. వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కూడ మార్చవలసివచ్చును.

2. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు, ముందు డిఫరెన్షియల్: వీటికి దారినిచ్చుటకు కొన్ని బండ్లలో ఇంజను క్రింది నూనె తొట్టిని, పొగ గొట్టమును కూడ మార్చవలెను.

3. ముందు చక్రముల హబ్బులు, వాటిని త్రిప్పు షాఫ్టులు, కీళ్లు: చక్రము ప్రక్కకు తిరుగుచుండగనే శక్తి అందవలెను గనుక సాధారణ హబ్బులు పనికిరావు. బ్రేకు, స్టీరింగు భాగములును వీటితోనే ముడిపడి ఉండును.

4. పళ్ల నిష్పత్తి: ముందు, వెనుక డిఫరెన్షియల్‌ల నిష్పత్తి ఒక్కటే కావలెను, టైర్ల కొలతయు ఒక్కటే కావలెను. లేనిచో రెండు ఇరుసులు ఒకదానితో ఒకటి పోరాడి పళ్లు విరుగును.

ఇట్టి బండిలో కూడ ముందు చక్రముల నడకను బురదలోనే వాడవలెను. తారు రోడ్డుపై మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు, వెనుక చక్రములు వేరువేరు దూరములు పోవును. నడుమ డిఫరెన్షియల్ లేని బండిలో ఆ తేడా భారమంతయు షాఫ్టులపై, పళ్లపై పడును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కంపెనీ మొదట నిర్ణయించిన వాటికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ సంగతినే స్పష్టము చేసినది. అదే సంవత్సరము చేసిన సవరణ ప్రకారము, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. ప్రమాదము జరిగినప్పుడు బీమా సొమ్ము విషయమునను చిక్కు రావచ్చును. సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు హైదరాబాదు–విజయవాడ రహదారిపై వేగముగా పోవు బండికి స్టీరింగు, బ్రేకులు సరిగా లేకున్న ప్రాణములకే ముప్పు. కావున షెడ్డులో ఈ మార్పు చేయింపవలదు. నాలుగు చక్రముల నడక తప్పనిసరి అయినచో, కంపెనీయే అట్లు తయారుచేసిన బండిని కొనుట మంచిది.

మడికి జరుగు నష్టము

మరొక సంగతి గమనింపుడు. దమ్ము చేసిన వరి మడిలో దున్నిన మట్టికి దిగువన ఒక గట్టి పొర ఏర్పడును. నీరు ఇంకిపోకుండ నిలుపునదియు, ట్రాక్టరును మోయునదియు ఈ పొరయే. బరువైన బండి తడి మడిలో తిరిగినచో చక్రపు జాడలు ఈ పొరను చీల్చును. తరువాత దమ్ము వేళ ట్రాక్టరు అచ్చటనే దిగబడును, నీరు ఒకచోట ఇంకును, ఒకచోట నిలుచును, నాటు ఎగుడుదిగుడగును. నాలుగు చక్రముల బండి బురదలో ఇంకను లోనికి పోగలదు గనుక ఈ నష్టము పెరుగునే గాని తగ్గదు.

చేయవలసిన పనులు

1. కోతకు 10 రోజుల ముందు మడిలోని నీటిని తీసివేయుడు. బరువైన రేగడి నేలలలో 15 రోజుల ముందే తీయవలెను. గట్టు వెంట చిన్న కాలువ త్రవ్వినచో వాననీరు కూడ త్వరగా పోవును.

2. పికప్ బండిని మడిలోనికి దింపవలదు. కోత యంత్రము గట్టు దాక వచ్చి వడ్లు పోయవలెను. తడి ఎక్కువగా ఉన్నచో చైన్ మిషనును పిలిపించుడు.

3. పొలము నుండి రోడ్డు వరకు ట్రాక్టరు ట్రాలీతోను, రోడ్డు నుండి మిల్లు వరకు పికప్ బండితోను తోలుడు.

4. బాటలో దిగబడు చోట్లు ఏటేట అవియే. పొరుగు రైతులతో కలిసి వేసవిలోనే అచ్చట మొరము పోసి, నీరు పోవుటకు తూము పెట్టించుడు. ఒక బండిని మార్చిన ఒకరికే మేలు. బాట బాగుపడిన అందరికిని మేలు.

5. బండి దిగబడినచో ఇంజను రేసు చేయవలదు. చక్రము ముందటి బురద తీసి, పలకలు గాని, గోనె సంచులు గాని, మొరము గాని వేయుడు. అప్పటికిని రానిచో కొంత బరువు దింపుడు.

6. ట్రాక్టరుతో లాగునప్పుడు గొలుసును బండి కొక్కెమునకును, ట్రాక్టరు క్రింది డ్రాబారునకును తగిలింపవలెను. పైన కట్టినచో ట్రాక్టరు ముందు భాగము లేచి వెనుకకు తిరగబడును. గొలుసు తెగి తగులవచ్చును గనుక పిల్లలను, పెద్దలను దూరముగా నిలుపుడు.

కొనుగోలు కేంద్రములో వడ్ల తేమ 17 శాతమునకు మించరాదు. యంత్రముతో కోసిన పచ్చి వడ్లలో తేమ అంతకంటె ఎక్కువగా ఉండును. బండి బాటలో రాత్రంతయు నిలిచిపోయినచో కుప్పలోని వడ్లు వేడెక్కి రంగు మారును, ధర తగ్గును. ఆరు నెలల కష్టము ఆ కొద్ది దూరములో చెడరాదు. కావున నీరు తీయు తేదీని, బాట బాగును కోతకు ముందే నిశ్చయించుకొనుడు. మీ నేల స్వభావమును బట్టి నీరు తీయవలసిన సమయమును గడ్డిపల్లి లేక కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రములో అడిగి తెలిసికొనవచ్చును.