‘రాక్ పోయింది సార్’ అనే ముందు

కారు స్టీరింగ్‌లో వచ్చే తేడాలు చాలావరకు అయిదు రకాలు: బండి ఒక పక్కకు లాగడం, స్టీరింగ్ వణకడం, లూజుగా ఆడడం, బరువెక్కడం, తిప్పినప్పుడో గుంతలో పడినప్పుడో చప్పుడు రావడం. వీటిలో ఏది, ఎంత స్పీడులో, ఎప్పుడు వస్తోందో కచ్చితంగా చెప్పగలిగితే సగం రోగం తేలినట్టే. ‘స్టీరింగ్ ఏదోలా ఉంది’ అని తాళాలు చేతికిచ్చేస్తే మాత్రం ‘రాక్ పోయింది సార్, మార్చాలి’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాలకు అందించే పళ్ల కడ్డీ, దాని గొట్టం కలిపి రాక్ అంటారు. అదీ పాడవుతుంది, కాదనలేం. కానీ అది వేలల్లో ఖర్చు. దానికంటే ముందు అనుమానించాల్సినవి చాలానే ఉన్నాయి.

బండి లాగుతుంటే మొదట చూడాల్సింది టైర్లలో గాలి. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. వాన నీళ్లు నిలవకుండా రోడ్డును అంచులకు వాలుగా వేస్తారు. ఎడమ పక్కన నడిపే దేశంలో బండి కాస్త ఎడమకు జరగడం రోడ్డు తప్పే. గాలి సరిగా ఉన్నా గట్టిగా లాగుతుంటే ముందు టైర్లు రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడొచ్చు (ఒకే వైపు తిరగాలని బాణం గుర్తున్న టైర్లకు ఇది పనికిరాదు). లాగే పక్క మారిందంటే దోషం టైరుదే. కొంత దూరం నడిపాక ఒక్క చక్రమే సెగలు కక్కుతుంటే ఆ పక్క బ్రేకు పట్టేసినట్టు. ఇవేవీ కాకపోతే అప్పుడు అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సర్దుబాటు.

వణుకుది వేరే కథ. 80, 100 కిలోమీటర్ల మధ్య మొదలై స్పీడు మారితే తగ్గే వణుకు చాలాసార్లు వీల్ బ్యాలెన్సింగ్‌తో పోతుంది. బ్రేకు వేసినప్పుడే వస్తే డిస్కులు చూడాలి. వణుకుకు అలైన్‌మెంట్ చేయించుకుని, అది తగ్గలేదని మళ్లీ వెళ్లి ఇంకోటేదో మార్పించుకునేవాళ్లు తక్కువేం కాదు.

స్టీరింగ్ కొంత తిప్పేదాకా చక్రాలు కదలకపోతే అది ప్లే. లిఫ్టు మీద ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని కుడీ ఎడమలకు ఊపితే ‘టక్ టక్’మంటూ ఆడుతుంది. చాలాసార్లు దొరికే దొంగ టై రాడ్ ఎండ్, అంటే రాక్ నుంచి వచ్చే కడ్డీని చక్రానికి కలిపే కీలు. దాని రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు బయటికొచ్చి, దుమ్ము పట్టి నల్లటి ముద్దలా కనిపిస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతుంటే బాల్ జాయింటో వీల్ బేరింగో. గుంతల్లో టకటకలాడే లింక్ రాడ్ (సస్పెన్షన్‌లోని చిన్న కడ్డీ) నేరం కూడా తరచూ రాక్ మీదికే పోతుంది. మలుపులో ‘కటకట’ వస్తే యాక్సిల్ జాయింటు. ప్లే ఉన్నట్టుండి పెరిగిన బండిని మాత్రం నడపకుండా వేరే బండితో లాగించుకెళ్లాలి.

స్టీరింగ్ బరువెక్కితే ముందు అది ఏ రకమో తెలియాలి. ఆయిల్‌తో పనిచేసేదైతే ఆయిల్ లీకు, వదులైన బెల్టు చూడాలి. ఇప్పుడు చిన్న కార్లలో ఎక్కువగా వచ్చేది మోటారుతో నడిచే ఎలక్ట్రిక్ స్టీరింగ్. బ్యాటరీ బలహీనపడినా అది మొరాయిస్తుంది. ఈ రకం బండికి ‘పవర్ స్టీరింగ్ ఆయిల్’ మార్చామని బిల్లు వేసే షెడ్డు నుంచి వెంటనే బయటపడడం మేలు. సాధారణంగా అందులో అసలు ఆ ఆయిలే ఉండదు.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చెయ్యి తగిలితే చాలు లోపం పట్టేసే మేస్త్రీలున్నారు. మంచి మెకానిక్ లోపాన్ని లిఫ్టు మీదే చూపిస్తాడు, పాత పార్టు అడిగితే విసుక్కోడు. ‘ఉచిత చెకప్’ కంటే చెకింగ్ చార్జీ ఇచ్చి ఇంకోచోట చూపించుకోవడమే చౌక. ఉచితంగా చూసినవాడు ఆ ఖర్చును పార్టుల్లోనే రాబట్టుకోవాలి. అలైన్‌మెంట్‌కు ముందు, తర్వాతి కొలతల ప్రింటు అడగాలి. చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకు కంపెనీ ఇచ్చిన సర్దుబాటు టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. కాబట్టి క్యాంబర్ (చక్రం నిలువులో పక్కకు వాలిన కోణం) సరిచేశామని విడిగా డబ్బడిగితే ఎలా చేశారో నిలదీయాలి. పని మొదలెట్టకముందే ఎస్టిమేటు కాగితం మీద ఉండాలి; కొత్త పని కలిపేటప్పుడు ఫోన్ చేసి అడగాలని అందులోనే రాయించాలి.

మోసం జరిగిందనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. ఫిర్యాదుదారు నివసించే ఊరు ఏ జిల్లాలో ఉంటే అక్కడే వేయొచ్చు. బండి విడిపించుకోవడానికి డబ్బు కట్టక తప్పకపోతే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాసి, పాత పార్టునూ మరో మెకానిక్ రాసిచ్చిన అభిప్రాయాన్నీ దాచుకోవాలి.