హిమాలయాల కింద దాగిన నిప్పు

పిల్లలూ! ప్రపంచ పటం తీసి మీ ముందు పరచుకోండి. జపాను, ఇండోనీషియా, దక్షిణ అమెరికా పడమటి తీరం చూడండి. ఇక్కడ అగ్నిపర్వతాలు బారులు తీరి ఉన్నవి. మన దేశానికి చెందిన అండమాను సముద్రంలో కూడా బారెన్ ద్వీపం అనే అగ్నిపర్వతం ఒకటి ఉన్నది. చాలాకాలం నిద్రపోయిన ఆ కొండ 1991లో మేల్కొని నిప్పులు కక్కింది. మరి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన మన హిమాలయాలలో ఒక్క అగ్నిపర్వతమైనా కనిపించదేం?

"అక్కడ మంచు ఉన్నది గదా, నిప్పు ఆరిపోయి ఉంటుంది" అని మీలో కొందరు అనవచ్చు. అది కారణం కాదు. ఐస్‌లాండులో మంచు గడ్డల కిందనే అగ్నిపర్వతాలు పేలుతూ ఉంటవి. అసలు కారణం తెలియాలంటే, రాయి ఎలా కరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

భూమి లోపల అంతా లావా సముద్రమని అనుకొనేరు సుమా! మన కాళ్ళ కింద ఉన్నది భూపటలం. దాని కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతువరకు భూప్రావారం ఉన్నది. అది చాలా వేడిగా ఉన్నా, దాదాపు అంతా గట్టి రాయే. పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. ప్రెషర్ కుక్కరులో నీరు 100 డిగ్రీలు దాటినా నీరుగానే ఉండిపోతుంది గదా, ఇదీ అలాంటిదే.

ఆ రాయి కరగడానికి మూడు దారులున్నవి. మొదటిది, రాతిలో నీరు చేరడం. ఐసు ముక్కమీద ఉప్పు చల్లితే, పొయ్యిమీద పెట్టకుండానే అది త్వరగా కరుగుతుంది. వేడి రాతికి నీరు అలాగే పని చేస్తుంది. రెండవది, పైనున్న బరువు తగ్గడం. మూడవది, వేడి పెరగడం. ఇలా కరిగిన రాతినే మాగ్మా అంటారు. అది నేలమీదికి వస్తే లావా.

ఇక హిమాలయాల కథ వినండి. కొన్ని కోట్ల సంవత్సరాల క్రితం మన దేశానికీ ఆసియాకూ మధ్య టెథిస్ అనే సముద్రం ఉండేది. మన భూఖండం ఉత్తరానికి జరుగుతూ ఉంటే, ఆ సముద్రపు అడుగు ఆసియా కిందికి దూరుతూ వచ్చింది. అది తనతో నీటిని మోసుకుపోయింది. ఆ నీరు చేరి పైనున్న వేడి రాయి కరిగింది. అప్పుడు ఆసియా దక్షిణపు అంచున అగ్నిపర్వతాలు ఉండేవి! వాటి కింద చల్లారిన మాగ్మాయే నేడు లడఖ్‌లో లేహ్ పట్టణానికి ఎగువన నిలిచిన గ్రానైటు కొండలు. బారెన్ ద్వీపం కింద నేడు జరుగుతున్నదీ ఇదే పని.

సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రం అయిపోయి, ఖండం వచ్చి ఖండాన్ని ఢీకొన్నది. సముద్రపు అడుగున ఉండే రాయి బరువైనది, మునుగుతుంది. ఖండపు రాయి తేలిక. అది లోతుకు మునగలేక దొంతరలుగా పేరుకొన్నది. మామూలుగా 35, 40 కిలోమీటర్లు ఉండే భూపటలం టిబెట్టు కింద సుమారు 70 కిలోమీటర్ల మందం అయింది. సముద్రపు నీరు అందక పాత అగ్నిపర్వతాలు ఆరిపోయినవి.

మరి నిప్పు పోయిందా? పోలేదు! రాళ్ళలో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటవి. వాటినుంచి ఎప్పుడూ కొంచెం వేడి పుడుతూ ఉంటుంది. బొంతమీద బొంత కప్పినట్లు పేరుకొన్న రాళ్ళలో ఆ వేడి బయటికి పోలేకపోయింది. ఆ రాళ్ళలో మీరు ఏరుకొనే కాకిబంగారం, అంటే అభ్రకం కూడా ఉన్నది. అభ్రకంలో నీరు ఇమిడి ఉంటుంది. సుమారు 700 డిగ్రీల వేడికి అది చెదిరి, ఆ నీటి సాయంతో రాయి కరిగింది. ఇది సుమారు 2 కోట్ల సంవత్సరాల నాటి మాట. కాని ఆ మాగ్మా జిగురులా చిక్కనిది. పైకి రాలేక లోపలే చల్లారి తెల్లని గ్రానైటు అయింది. తరువాత కొండలు పైకి లేచినవి. వానలు, మంచు నదులు పై రాళ్ళను అరగదీసినవి. ఒకనాడు పాతాళంలో ఉన్న ఆ గ్రానైటు నేడు 8,485 మీటర్ల ఎత్తున మకాలు శిఖరమై నిలిచింది!

ఖండాలు ఢీకొన్న ప్రతి చోటా నిప్పు లోపలే ఉండిపోతుందని అనుకోకండి. పటంలో పడమటికి జరగండి. అరేబియా భూఖండం ఉత్తరానికి నెట్టుకుపోతున్న చోట, టర్కీలో 5,137 మీటర్ల అరారత్, ఇరానులో అంతకన్నా ఎత్తయిన దమావంద్ ఉన్నవి. రెండూ అగ్నిపర్వతాలే. అక్కడ కిందికి దిగిన సముద్రపు పలక తెగి జారిపోయిందనీ, ఆ చోటికి వేడి ప్రావారం ఉబికి వచ్చి, బరువు తగ్గి కరిగిందనీ చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 1840లో వచ్చిన భూకంపంలో అరారత్ కొండచరియ విరిగిపడి, అకోరి అనే గ్రామం పూడిపోయింది. అందుకే శాస్త్రజ్ఞులు నిద్రపోయే కొండలను కూడా కనిపెట్టి చూస్తూ ఉంటారు.

మన లడఖ్‌లోనూ వేడి పూర్తిగా ఆరలేదు. సముద్ర మట్టానికి 4,000 మీటర్లపైన, చలికి గడ్డకట్టే పూగా లోయలో సలసల కాగే నీటిబుగ్గలున్నవి. ఆ వేడితో విద్యుత్తు తీయాలని 2021లో ఒప్పందం కూడా కుదిరింది.

ఇప్పుడు మీరొక పని చేయండి. రెండు గిన్నెలలో సమానంగా ఐసు ముక్కలు వేసి, ఒకదానిలో మాత్రం చెంచాడు ఉప్పు చల్లండి. ఏది ముందు కరిగిందో గడియారం చూసి రాసుకోండి. తరువాత అట్లాసులో బారెన్ ద్వీపం, లేహ్, మకాలు, అరారత్ వెతికి, ఎక్కడ రాయి ఏ దారిన కరిగిందో మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పండి.