విజయనగర పురప్రశస్తి

మహాకావ్య లక్షణమును జెప్పుచు దండి వర్ణనీయ వస్తువులలో నగరమునే మొదట పేర్కొనెను. సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రోదయము దాని తరువాతివి. మన ప్రబంధకవులును ఈ క్రమమునే పాటించిరి. మనుచరిత్రమున ప్రవరునికంటె ముందుగా అరుణాస్పదపురము పాఠకునకు గోచరించును. అగడ్త, కోట, మేడలు, అంగడివీథులు, ఉద్యానములు, సరస్సులు, ఏనుగులు, గుఱ్ఱములు, ఇవి యన్నియు గలది కవికి ప్రియమైన పురము. లోకమున జనులు తమకు నచ్చిన పట్టణములను గూర్చి చెప్పునపుడును ఇంచుమించుగా నిట్టి పట్టికనే యొప్పజెప్పుదురు: పారిసునకు గోపురము, వెనీసునకు కాలువలు, కాశికి ఘట్టములు. కాని చూచి పోవువానికి ఒక పట్టణము నచ్చుట వేఱు; అందు బ్రదికినవానికి అది జీవితాంతము ప్రియమై యుండుట వేఱు. రెండవదానికి హేతువేమి యను ప్రశ్నకు ఉత్తరాంధ్రమున విజయనగరము చక్కని నిదర్శనము.

ఇచట విజయనగర మనగా తుంగభద్రాతీరమున రాయలేలిన రాజధాని గాదు. పూసపాటివారి సంస్థానమునకు ముఖ్యపట్టణమై, 1979వ సంవత్సరము జూను 1వ తేదీ నుండి తన పేరిటి జిల్లాకు కేంద్రమై యున్న పట్టణము. పరిసర గ్రామములవారు దీనిని ఇజీనగరమని పిలుతురు. పూసపాటివారు మొదట కుమిలికోటలో నుండిరి. 1713లో, అనగా విజయనామ సంవత్సరమున, విజయదశమినాడు, జయవారమని మఱియొక పేరుగల మంగళవారమున ఈ కోటకు శంకుస్థాపన జరిగెనని చెప్పుదురు. ఒక పురమునకు విజయశబ్దమును ఇన్నివిధముల ముడివెట్టుట యరుదు. అడవిగా నున్న యీ స్థలమును రాజునకు జూపినవాడు మహబూబ్ వలీ యను మహమ్మదీయ తపస్వి యని స్థానికమగు ఐతిహ్యము. కోట చతురస్రము, రాతిగోడలు, మూలల బురుజులు, చుట్టును అగడ్త, తూర్పు పడమరల రెండు ద్వారములు. ఊరిలో పెద్దచెఱువు గలదు. 1885లో గట్టిన యెనిమిది పలకల గంటస్తంభము గలదు. దండి పట్టికకు లోపము లేదు. ఐనను గోలకొండ, కొండవీడు మున్నగు దుర్గముల ముందర ఈ కోట చిన్నది. దీని ప్రియత్వమునకు హేతువును రాతిగోడలలో వెదకి ప్రయోజనము లేదు.

విజయమని పేరు పెట్టుకొన్న యీ యూరికి విజయము సుఖము నీయలేదు. 1757 జనవరి 24వ తేదీన పెద్దవిజయరామరాజు ఫ్రెంచిసేనాని బుస్సీ సాహాయ్యముతో బొబ్బిలికోటను గూల్చెను. కోటలోని స్త్రీలును బాలురును పగవారి చేజిక్కకుండుటకై తమవారి చేతులలోనే ప్రాణములు విడిచిరి. కొలది దినములలోనే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారము చొచ్చి విజయరామరాజును వధించి తానును మడిసెను. ఓడిన బొబ్బిలివారి కథ తెలుగునాట ఊరూర పాడబడినది. గెలిచిన విజయనగరమునకు అంతటి పాట లేదు. దానికి మాఱుగా ఒక దేవత కలదు.

ఆ దేవత పైడితల్లి. ఆమె పెద్దవిజయరామరాజు సోదరి పైడిమాంబ యనియు, బొబ్బిలిపై దండెత్తవలదని యన్నను వారించె ననియు, అతడు వినలే దనియు, అతని మరణవార్తను విని ఆమె పెద్దచెఱువులో లీనమయ్యె ననియు జనులు చెప్పుదురు. పతివాడ అప్పలనాయుడను నాతడు ఆమె విగ్రహమును చెఱువునుండి వెలికిదీసెను. ఐతిహ్యములోని వివరములను చరిత్రకారులు శోధింపవచ్చును గాక. గమనింపదగినది వేఱొకటి యున్నది. జయించిన పట్టణము తన యిలవేల్పుగా జయించిన రాజును ఎన్నుకొనలేదు; యుద్ధము వలదన్న యాడుబిడ్డను ఎన్నుకొన్నది. ఇట్టి యెన్నిక తక్కిన రాజధానులలో సులభముగా దొరకదు.

విజయదశమి వెడలిన పిదప వచ్చు మంగళవారమున సిరిమానోత్సవము జరుగును. పూజారికి స్వప్నమున గోచరించిన చోటనుండి చింతమానును దెచ్చి, చెక్కి, సిరిమానుగా మలతురు. దానిని రథముపై వాలుగా నిలిపి, మీది కొనయందు పీటను బిగించి, పూజారిని గూర్చుండబెట్టుదురు. బెస్తవారి వల, పాలధార, తెల్లయేనుగు, అంజలిరథము ముందు నడచును. బెస్తవల ముందు నడచుట విగ్రహము చెఱువునుండి వెడలిన కథకు గుఱుతు. మూడులాంతరులకడనున్న గుడినుండి కోటవఱకును మూడు మారులు సిరిమాను తిరుగును. రాజకుటుంబమువారు కోటబురుజు మీదనుండి తిలకింతురు. శ్రీకాకుళము మొదలు ఒరిస్సా సరిహద్దువఱకు గల పల్లెలవారు ముందురోజే వచ్చి వీథుల యరుగులపై పరుండుట పరిపాటి. ఆ దినమున ఊరిలో ప్రతియిల్లును చుట్టపుటిల్లే. ఈ యాతిథ్యము పండుగనాటిది మాత్రమే యైనచో విశేషము లేదు. ఏడాది పొడవున సాగిన యాతిథ్యమొకటి యీ పురమున నుండెను. ఆ కథకు రాజకీయమగు ఓటమి మొదలు.

1794 జూలై 10వ తేదీన పద్మనాభము కడ కుంపిణీ సేనతో పోరాడి చినవిజయరామరాజు కూలెను. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయముతో సంస్థానము జమీందారీ యయ్యెను. నాటినుండి కోటకు యుద్ధముతో పని తప్పినది. పని తప్పిన కోటలు పెక్కు గోడలు గూలి మేకలకు నీడయిచ్చుచున్నవి. ఇచ్చట నట్లు కాలేదు, కాని వెంటనే మేలును కలుగలేదు. నారాయణగజపతి 1845లో కాశియందు పరమపదించునప్పటికి సంస్థానము ఋణభారమున మునిగి యుండెను. ఆయన కుమారుడు మూడవ విజయరామగజపతి కాలమున 1857లో ఇంగ్లీషు పాఠశాలయు, 1860లో సంస్కృత పాఠశాలయు వెలసినవి. ఇంగ్లీషు పాఠశాల 1879లో కళాశాల యయ్యెను. పిదప ఆనందగజపతి (1850–1897) కొలువున సంగీత సాహిత్యములు నిండారినవి.

విజయనగరమునకు కీర్తి దెచ్చినవారి జన్మస్థలములను వరుసగా వ్రాసికొని చూచిన విషయము విశదమగును. గురజాడ అప్పారావు (1862–1915) ఎలమంచిలి సమీపమందలి రాయవరమున జన్మించెను. చదువుకొనుటకై పిన్ననాట ఈ యూరికి వచ్చినపుడు కళాశాలాధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రిగారు అన్నవసతులిచ్చి ఆదరించిరి. ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తి (1863–1940) శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటవాడు. తండ్రి గతించిన పిదప ఇచ్చట చదివెను. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) అజ్జాడవాడు. మల్లయోధుడు కోడి రామమూర్తి (1882–1942) వీరఘట్టమువాడు. ఇచ్చట వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు నెలకొల్పి ప్రసిద్ధి నొందెను. ద్వారము వేంకటస్వామినాయుడు (1893–1964) బెంగుళూరున పుట్టి విశాఖపట్టణమున పెరిగెను. ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) కృష్ణాజిల్లానుండి వచ్చెను. ఒక్కరును ఈ యూర పుట్టినవారు కారు. ఇచ్చటనే పుట్టి ఇచ్చటనే సంగీతమభ్యసించిన పి. సుశీల వంటివారు లేకపోలేదు. కాని పట్టికలో వచ్చినవారే యెక్కువ.

ఐరోపాఖండమున వైమారు నగరమున కిదే లక్షణము. జర్మను దేశమున అది చిన్న సంస్థానమునకు రాజధాని. పదునెనిమిదవ శతాబ్ది చివర జనసంఖ్య ఆఱువేల ప్రాంతము. గేటే ఫ్రాంకుఫర్టునుండి 1775లో అచ్చటికి వచ్చెను. షిల్లరు, హెర్డరు, వీలండు అను వారును పరదేశపు బిడ్డలే. సైన్యబలమున పేరు లేని యొక సంస్థానాధిపతి పండితులకు ఇల్లు, జీతము, స్వేచ్ఛ యిచ్చి తన యూరిని జర్మనుభాషకు పుట్టినిల్లువంటిదిగా జేసెను. బెర్లినుకు సేనలు, వైమారునకు పుస్తకములు. ఉపమ యంతటితో నాగవలెను. వైమారున కవులను పోషించినది ప్రభువొక్కడు, విజయనగరమున విద్యార్థులను పోషించినవారు గృహస్థులు కూడ.

ఈ మాట యతిశయోక్తి గాదు. వారములు చేసికొని చదువుట నాడు సామాన్యము. సోమవార మొక యింట, మంగళవార మొక యింట భోజనము. ఏడిండ్లు కుదిరినచో చదువు సాగును. వారములును కుదురనివానికి మధుకరము శరణ్యము. ఘంటసాల భుజమున జోలె వ్రేలవైచుకొని ఇంటింట అన్నమెత్తుకొని సంగీతము నేర్చెను. ఆయనకు విద్య గఱపిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. అన్నము పెట్టిన యిల్లాండ్ర పేరులు ఏ శాసనమునను లేవు. పట్టణములను బొగడు గ్రంథములు దాతలైన ప్రభువులను లెక్కించి ఈ యిల్లాండ్రను విడిచిపెట్టుట న్యాయము గాదు.

ఆ సంగీత పాఠశాల 1919లో నాలుగవ విజయరామగజపతి స్థాపించినది. చూపులేని యొక బాలునికి సంగీతము నేర్పవలయునని పుట్టిన యాలోచన పాఠశాలగా పెరిగినదని ప్రతీతి. నారాయణదాసు ప్రథమాధ్యక్షుడు. అందు చేరవచ్చిన వేంకటస్వామినాయుని వాయులీన వాదనమును విని, శిష్యుడుగా గాక ఆచార్యుడుగా నియమించిరని చెప్పుకొందురు. 1936లో ఆయనయే అధ్యక్షుడయ్యెను. అర్హత పత్రమును అడుగక చెవితో పరీక్షించి పదవినిచ్చు పట్టణము కళావంతునకు ప్రియము గాక యుండునా?

వచ్చినవాడు పొగడుటయే గాక పరిహసింప గలుగుట మఱియొక హేతువు. ఆనందగజపతి విశాఖపట్టణ మండలమున మూడు సంవత్సరములలో జరిగిన శుల్కవివాహముల పట్టిక వ్రాయించెను. లెక్కకు వచ్చినవి 1034. ఈ సంగతి కన్యాశుల్కము మొదటి కూర్పు పీఠికలో గలదు. ఆ నాటకము 1892లో ఈ యూరనే ప్రదర్శింపబడి, 1897లో ఆ ప్రభువునకే అంకితముగా ముద్రితమయ్యెను. దాని మొదటి రంగము కోట యెదుటనున్న బొంకులదిబ్బ. పురవర్ణనమున మేడలకు బదులు దిబ్బతో నారంభించిన కవి యీతడు. అందు కనబడువాడు రాజు గాడు, అప్పులవారికి వెఱచి ఊరు విడుచు గిరీశము. తమ వీథులను, తమ యింటి బేరములను, తమ డాంబికములను రంగస్థలముపై జూచి పురజనులు నవ్విరి. తన్ను జూచి తాను నవ్వుకొనగల పట్టణమున కవికి ఊపిరాడును.

ఈ దాతృత్వమునకు సొమ్మెచ్చటిదను ప్రశ్నను దాటవేయరాదు. మూడవ విజయరామగజపతి లండనునగరమున హైడుపార్కులో మార్బులార్చి సమీపమున 1867లో ఒక జలధారామంటపమును గట్టించి యిచ్చెను. అది 1964లో తొలగింపబడినది. మాక్సుమూలరు పండితుని ఋగ్వేద భాష్య ద్వితీయ ముద్రణమునకు (1890–92) ఆనందగజపతి వ్యయము భరించెను. థేమ్సుతీరమున దప్పిగొన్నవాడు త్రాగిన నీటికిని, ఆక్సుఫర్డున అచ్చుపడిన వేదమునకును మూలధనము చంపావతీ గోస్తనీ తీరముల రైతు చెల్లించిన శిస్తు. ఆ రైతుబిడ్డ లందఱకును ఆ పాఠశాలలు నాడే అందుబాటులో నుండెనని చెప్పుట సత్యము గాదు. ఏడిండ్ల వారములు దొరకుట కులమును బట్టి యుండెను. పురప్రశస్తి వ్రాయువారు ఈ లెక్కను గూడ వ్రాయవలెను.

రాజాశ్రయముపై నిలిచిన పురము రాజు వెడలినంత నేమగునో ఈ ప్రాంతముననే నిదర్శనము గలదు. వంశధారాతీరమందలి ముఖలింగము ఒకనాడు తూర్పుగాంగులకు రాజధానియగు కళింగనగరమని గిడుగు రామమూర్తి శాసనములను జదివి నిరూపించెను. గాంగుల రాజధాని కటకమునకు మాఱినది. నగరము పల్లె యయ్యెను. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మిగిలినవి. వీథులు వరిచేలయి పోయినవి. అచ్చటి నగరవాసులు ఏ పాటలు పాడిరో, ఎవరి యింట ఎవరు భుజించిరో చెప్పు శాసనము లేదు.

విజయనగరమునకు అట్టి పరీక్ష 1948లో జమీందారీల రద్దు చట్టముతో వచ్చినది. శిస్తు ఆగెను. సంగీత కళాశాల ప్రభుత్వపరమై నేటికిని నడచుచున్నది. 1958లో పి. వి. జి. రాజు తన తండ్రి అలకనారాయణగజపతి పేర మాన్సాసు సంస్థను నెలకొల్పి కోటను విద్యాలయములకు ధారపోసెను. ఆ పిదప కోటలో స్త్రీల కళాశాల వెలసినది. కుంపిణీసేనకు వెఱచి మూసిన ద్వారమునుండియే పల్లెల బాలికలు పుస్తకములతో లోనికి బోయిరి. సిరిమాను ఆ కోటదాకనే వచ్చి మరలును.