ఉప్పూ, బంగారం, మూడు సామ్రాజ్యాలు

హైదరాబాదులో మెడిసిన్ చదివే రోజుల్లో వారానికి రెండుసార్లైనా ఏ.సి. గార్డ్స్ మీదుగా బస్సులో వెళ్ళేవాణ్ణి. ఏ.సి. అంటే ఎయిర్ కండిషనే అనుకునేవాణ్ణి! అది ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ అనీ, నిజాం కొలువులోని ఆఫ్రికా ఆశ్వికదళం పేరే ఆ పేటకు వచ్చిందనీ అమెరికా వచ్చాక గాని తెలియలేదు.

ఇక్కడ రెసిడెన్సీలో నాతోపాటు మాలీ దేశపు డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఓ రాత్రి డ్యూటీలో కాఫీ తాగుతూ, “తెల్లవాళ్ళు రాకముందు మీకు రాజ్యాలూ అవీ ఉండేవా?” అని అడిగాను. ఆయన కోప్పడలేదు. “ఈ ప్రశ్న నిన్నెవరూ అడగలేదా?” అన్నాడు. అడిగారు. ఈ దేశం వచ్చిన కొత్తలోనే అడిగారు. అప్పుడు నాకెంత మండిందో గుర్తొచ్చి తలవంచుకున్నాను. ఆ వారాంతం లైబ్రరీలో కూర్చుని చదివిన దాని సారాంశమే ఈ నాలుగు ముక్కలు.

పశ్చిమ ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున సామ్రాజ్యాలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. వాటికి మూలం ఉప్పూ, బంగారం. ఎడారిలో ఉప్పు గనులు, దక్షిణాన అడవుల వైపు బంగారం. మనం పేషెంట్లకు ఉప్పు తగ్గించమని రోజూ చెబుతాం గాని, ఆ ఎండల్లో చెమటోడ్చే మనిషికి ఉప్పు లేకపోతే ప్రాణం నిలవదు. ఈ రెంటికీ నడుమ ఉన్న బాటను ఎవరు కాపాడితే వారిదే రాజ్యం.

మొదటిది ఘనా. ఈనాటి ఘనా దేశం 1957లో ఆ పేరు పెట్టుకుంది గాని, పాత ఘనా దానికి చాలా ఉత్తరాన, ఇప్పటి మారిటేనియా, మాలీ ప్రాంతాల్లో ఉండేది. లోపలికి వచ్చే ప్రతి గాడిదబరువు ఉప్పుకూ రాజు ఒక దీనారు బంగారం, బయటికి పోయేదానికి రెండు దీనార్లు సుంకం తీసుకునేవాడని 1068 ప్రాంతంలో అల్ బక్రీ రాశాడు. బంగారు ముద్దలన్నీ రాజువి, పొడి మాత్రం ప్రజలది. లేకపోతే బంగారం విలువ పడిపోతుందట! ఏ ఎకనామిక్స్ ప్రొఫెసరు నేర్పాడో మరి.

ఘనా బలహీనపడ్డాక, 1235 ప్రాంతంలో సుందియాటా కైటా మాలీ సామ్రాజ్యాన్ని నిలబెట్టాడు. ఆ వంశపు మన్సా మూసా 1324లో మక్కా యాత్రకు వెళ్తూ కైరోలో ఎంత బంగారం పంచాడంటే, అక్కడ దాని ధర పడిపోయి ఏళ్ళ తరబడి కోలుకోలేదు. తిరిగొచ్చాక టింబక్టులో ఆయన కట్టించిన మట్టి మసీదు ఈనాటికీ ఉంది. 1352లో బయలుదేరి వచ్చిన ఇబ్న్ బతూతా, దేశంలో దొంగల భయం లేదని మెచ్చుకున్నాడు. దారిలో తఘాజా అనే ఊళ్ళో ఇళ్ళ గోడలే ఉప్పుపలకలతో కట్టి ఉండడం చూశాడు. ఆ గనుల్లో పనిచేసేవాళ్ళు బానిసలనీ రాశాడు. వైభవం వెనకాల ఆ చెమట కూడా ఉందని మరవకూడదు.

మాలీ చితికిపోతుండగా సోంఘాయ్ పెరిగింది. సున్ని అలీ 1468లో టింబక్టును పట్టుకున్నాడు. 1493లో గద్దెనెక్కిన అస్కియా ముహమ్మద్ రాష్ట్రాలకు అధికారులను వేసి, పండితులను పోషించాడు. టింబక్టులో అన్ని సరుకులకంటె పుస్తకాల మీదే ఎక్కువ లాభమని అప్పటి యాత్రికుడు లియో ఆఫ్రికానస్ రాశాడు. కాని 1528లో ఆ అస్కియానే కన్నకొడుకులు దింపేశారు. ఆ తర్వాత గద్దె కోసం అన్నదమ్ముల కొట్లాట ఆగలేదు. రోగి అప్పటికే నీరసించి ఉన్నాడు. 1591లో మొరాకో సుల్తాను పంపిన కొద్దివేల సైన్యం ఎడారి దాటి వచ్చి, తోండిబి దగ్గర తుపాకులతో సోంఘాయ్‌ని కూల్చింది. పోర్చుగీసు ఓడల రాకతో బంగారంలో కొంత అంతకుముందే సముద్రతీరం దారి పట్టింది.

టింబక్టు పండితుడు అహ్మద్ బాబాను బంధించి మర్రకేష్‌కు పట్టుకుపోయారు. తన పుస్తకాలు 1600 పోయాయనీ, తన బంధువులందరిలో తన దగ్గరే తక్కువ పుస్తకాలున్నాయనీ ఆయన చెప్పుకున్నాడు. 1608లో ఇల్లు చేరాడు. రాజ్యం పోయినా టింబక్టు కుటుంబాలు తాతల పుస్తకాలను తరతరాలుగా పెట్టెల్లో దాచుకున్నాయి. 2012లో సాయుధ ముఠాలు ఊరిని ఆక్రమించినప్పుడు, వేలాది రాతప్రతులను రేకుపెట్టెల్లో సర్ది రహస్యంగా బమాకోకు చేర్చారు.

ఇదంతా ఎందుకంటే, శనివారం భోజనాలకు చేరినప్పుడు నల్లవాళ్ళ గురించి మనం తెలుగులో ఆడే మాటలు, ‘ఎవరికీ అర్థం కాదులే’ అనుకుని ఆడేవి, మీరూ విన్నారు, నేనూ విన్నాను. కొన్ని నేనూ అన్నాను. ఇక్కడి నల్లవారిలో ఎందరో పూర్వీకులు ఆ పశ్చిమ ఆఫ్రికా నుంచి సంకెళ్ళతో వచ్చినవారే. మనం మాట్లాడే తెలుగు మన పిల్లలకు బాగానే అర్థమవుతోంది. ఈసారి ఆ మాటలు వస్తే, వాళ్ళ ఎదుట ఉప్పుగోడల ఊరి కథ ఎత్తుకోండి. నేను మా ఇంట్లో మొదలుపెట్టాను.